‘జ్ఞా’ మీద పడిన నింద: 2018 నాటి ఐఫోన్ల వైఫల్యం – ఒక పరిశీలన

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచవార్త అయింది. ‘జ్ఞా’ ఉన్న సందేశం చేరగానే ఐఫోన్లలో మెసేజెస్, వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్ వంటి ప్రోగ్రాములు మూతపడ్డాయి. ఆ సందేశం నోటిఫికేషన్‌గా వస్తే హోం స్క్రీన్ కూడా నిలిచిపోయేది. ఐఓఎస్ 11.2.5తో నడిచే ఫోన్లలో ఈ వైఫల్యం కనిపించింది. ఫోన్లను చెడగొడుతున్నది తెలుగు అక్షరమేనని నాటి వార్తలు ప్రచారం చేశాయి. ఆ నింద ఎంతవరకు యుక్తమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వేర్వేరు సంస్థలు తయారుచేసిన ప్రోగ్రాములన్నీ ఒకే విధంగా విఫలం కావడమే ఇక్కడ తొలి ఆధారం. అక్షరాలను తెరపై కూర్చే పనిని చాలా ప్రోగ్రాములు సొంతంగా చేయవు. ఐఫోన్లలో ఆ పని ‘కోర్‌టెక్స్ట్’ అనే సిస్టమ్ లైబ్రరీది. 1991లో వెలువడిన తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు స్థానం ఉంది. అయితే సంయుక్తాక్షరాలకు అందులో విడి సంకేతాలు లేవు. జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే వరుసను చూసి ‘జ్ఞా’ రూపాన్ని కూర్చవలసింది లైబ్రరీయే. అందులో దోషముంటే దాని మీద ఆధారపడిన ప్రోగ్రాములన్నీ కూలుతాయి.

రెండవ ఆధారం మరింత కీలకమైనది. మనం నిత్యం రాసే ‘జ్ఞా’లో నాలుగు సంకేతాలుంటే, ఫోన్లను కూల్చిన పాఠంలో ఐదున్నాయి. ఞకారానికీ దీర్ఘానికీ నడుమ ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే అదృశ్య సంకేతం చేరింది. ‘ఫేస్‌బుక్’ వంటి మాటల్లో వత్తు ఏర్పడకుండా పొల్లును నిలపడానికి దీన్ని వాడతాం. ‘జ్ఞా’లో ఆ స్థానంలో దానికి పనిలేదు. అదే నెలలో మనీష్ గోరెగావ్‌కర్ ప్రకటించిన విశ్లేషణ ప్రకారం ఇటువంటి వరుసలు ఇతర తెలుగు హల్లులతోను, దేవనాగరి, బెంగాలీ లిపులలోను ఇదే ఫలితాన్నిచ్చాయి. కనుక కారణం ‘జ్ఞా’ కాదు, తెలుగు లిపీ కాదు. అనవసరమైన సంకేతం ఎదురైతే లైబ్రరీ అక్షరాన్ని వికృతంగా చూపవచ్చు గాని, తానే కూలిపోరాదు.

ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసింది. 2013 నాటి ఐఫోన్ 5ఎస్ మొదలుకొని తర్వాతి ఫోన్లకు ఆ సవరణ అందింది. దోషం కోర్‌టెక్స్ట్‌లోనిదని, మెమొరీ చెడిపోవడమే దాని స్వరూపమని, ఇన్‌పుట్‌ను సరిచూసే పద్ధతిని మెరుగుపరచామని ఆ సంస్థే ప్రకటించింది.

ఈ నిర్ధారణ పద్ధతి తెలుగు పరిశోధకులకు కొత్త కాదు. ప్రతులను పోల్చి, భేదమున్న ఒక్క చోటును పట్టుకొని పాఠాన్ని నిర్ణయించడం మన పరిష్కర్తల మార్గమే. శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పూర్వకవుల ప్రయోగాలనే సాక్ష్యంగా చూపి, వాటిని దోషాలన్న నియమాలను ప్రశ్నించారు. సందర్భాలు వేరైనా సూత్రం ఒకటే: ప్రయోగానికీ దాన్ని కొలిచే సాధనానికీ పొసగనప్పుడు ముందుగా ప్రయోగాన్ని దోషిగా నిలపరాదు.

జ్ఞానం, జ్ఞాపకం, విజ్ఞానం – ఈ మాటలను మరో అక్షరంతో రాయలేం. గ్రంథాలను డిజిటల్ రూపంలోకి మారుస్తున్నవారు ప్రోగ్రాం కూలినప్పుడు అక్షరాన్ని తొలగించక, మూలపాఠాన్ని భద్రపరచి, దాని నకలులో సంకేతాలను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. అదే పాఠాన్ని మరో వెర్షన్‌లోనూ తెరచి చూడాలి. లిపి చరిత్రలో ఈ ఘటనను ‘తెలుగు అక్షరం తెచ్చిన ముప్పు’గా కాక, తెలుగును సరిగా కూర్చలేకపోయిన లైబ్రరీ దోషంగా నమోదు చేయడం సముచితం.