గచాచా: రువాండా కొండల మీది కోర్టులు

గచాచా రువాండా పల్లెల్లో తగవులు తీర్చే పాత సభ. ఐరోపావాళ్లు ఆ దేశంలో అడుగుపెట్టకముందు నుంచీ ఉంది. ఆవు పోయినా, పొలం గట్టు జరిగినా, అన్నదమ్ముల పంపకం తెగకపోయినా ఊరి పెద్దలు కొండవాలులో గడ్డి మీద కూర్చుని రెండు పక్షాల మాటా వినేవారు. మన రచ్చబండ దగ్గరి పంచాయతీని చూసినవారికి ఈ సభ కొత్తగా ఉండదు. తప్పు తేలినవాడు నష్టం కట్టి, అరటి కల్లు తెప్పించి, ఎదుటి పక్షంతో కలిసి తాగితే తగవు ముగిసినట్టు లెక్క. శిక్ష వేయడం కంటే రెండు ఇళ్ల మధ్య మళ్లీ రాకపోకలు మొదలయ్యేలా చూడటమే పెద్దల పని. ఆడవాళ్లకు అక్కడ మాట దాదాపు ఉండేది కాదు. హత్యల వంటి ఘోరాలు సాధారణంగా ఈ సభ దాకా వచ్చేవి కావు, నాయకుల దగ్గరికో రాజు దగ్గరికో వెళ్లేవి. బెల్జియన్ల పాలనలో ఐరోపా తరహా కోర్టులు పైన వెలిసినా, అడుగున ఈ పద్ధతి చావకుండా సాగింది.

అదే పాలన 1930లలో ప్రతి మనిషి చేతికీ ఒక గుర్తింపు కార్డు ఇచ్చి, దాని మీద హుటూ, టుట్సీ, త్వా అని రాసింది. ఈ మూడు వర్గాలదీ ఒకే భాష, ఒకే కొండలు, చాలావరకు ఒకే మతం. కార్డు మీది ఆ మాటే అరవై ఏళ్ల తరవాత రోడ్ల మీద అడ్డుకట్టల దగ్గర ఎవరు బతకాలో, ఎవరు చావాలో తేల్చింది. 1959 నుంచి టుట్సీల మీద దాడులు సాగాయి, లక్షల మంది పొరుగు దేశాలకు పారిపోయారు. 1962లో స్వాతంత్ర్యం వచ్చింది. ఉగాండాలో పెరిగిన శరణార్థుల పిల్లలు రువాండా దేశభక్త కూటమిగా ఏర్పడి 1990 అక్టోబరులో సరిహద్దు దాటి యుద్ధం మొదలుపెట్టారు. 1994 ఏప్రిల్ 6న అధ్యక్షుడు హబ్యారిమానా ప్రయాణిస్తున్న విమానం కిగాలిలో కూల్చివేతకు గురైంది. ఆ రాత్రి నుంచే ఊచకోత మొదలైంది. సుమారు వంద రోజుల్లో ఎనిమిది లక్షల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు టుట్సీలు. ఈ పనికి ఒప్పుకోని హుటూలను కూడా చంపారు. ఏప్రిల్ 21న, హత్యలు ముమ్మరంగా సాగుతుండగా, భద్రతామండలి అక్కడున్న శాంతిసేనను పెంచకపోగా 270 మందికి కుదించాలని తీర్మానించింది. ఆ దేశం చేసిన నేరంలో ప్రపంచం చేసిన తప్పు కూడా ఉందనడానికి ఈ ఒక్క తీర్మానం చాలు.

జులైలో దేశభక్త కూటమి కిగాలిని పట్టుకునేసరికి న్యాయవ్యవస్థ అనేది మిగల్లేదు. న్యాయమూర్తులు, వకీళ్లు చాలామంది హతులయ్యారు, లేదా పారిపోయారు. చంపినవారు మాత్రం లెక్కకు మించి ఉన్నారు. ఈ హత్యలు సైన్యం ఒక్కటే చేయలేదు. పక్కింటివాడు, బడిపంతులు, కొన్నిచోట్ల చర్చి ఫాదరు కూడా చేయి కలిపారు. 1998 నాటికి జైళ్లలో సుమారు 1,30,000 మంది ఉన్నారు. పడుకోవడానికి వంతులు వేసుకునే పరిస్థితి. రోగాలతో వేల మంది విచారణ కాకుండానే పోయారు. 1996లో ప్రత్యేక చట్టం చేసి ఆ డిసెంబరులో మామూలు కోర్టుల్లో విచారణలు మొదలుపెట్టారు. 1998 ఏప్రిల్ 24న 22 మందిని బహిరంగంగా కాల్చి శిక్ష అమలు చేశారు. ఆ వేగంతో అందరినీ విచారించడానికి వందేళ్లు పడుతుందని అప్పట్లో అంచనా వేశారు.

ఈలోగా దేశం బయట ఇంకో కోర్టు నడుస్తోంది. 1994 నవంబరు 8న భద్రతామండలి రువాండా కోసం అంతర్జాతీయ క్రిమినల్ ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేసింది. అలాంటి కోర్టు కావాలని అడిగిన రువాండాయే, ఆ ఏడు మండలిలో సభ్యత్వం ఉండి కూడా, వ్యతిరేకంగా ఓటు వేసింది. మరణశిక్ష ఉండదనడం, 1994కు ముందు సాగిన సన్నాహాలు విచారణ పరిధిలోకి రాకపోవడం దాని ప్రధాన అభ్యంతరాలు. కోర్టు టాంజానియాలోని అరూషాలో కూర్చుంది. రువాండా పల్లెల నుంచి అక్కడికి వెళ్లి విచారణ చూడగలిగినవారు చాలా కొద్దిమంది.

అయినా అరూషా చేసిన ఒక పనిని ఎన్ని లోపాలూ తక్కువ చేయలేవు. జాతిహననాన్ని నేరంగా నిర్వచించిన అంతర్జాతీయ ఒప్పందం 1948లో వచ్చింది. యాభై ఏళ్లపాటు ఏ అంతర్జాతీయ కోర్టూ దాని కింద ఒక్కరికీ శిక్ష వేయలేదు. ఆ మొదటి తీర్పు టాబా అనే కమ్యూన్‌కు మేయరుగా ఉన్న జాన్ పాల్ అకాయేసు మీద వచ్చింది. ఒకప్పుడు బడిపంతులైన అతను ఊచకోత మొదటి రోజుల్లో హత్యలను ఆపడానికి ప్రయత్నించాడు. 1994 ఏప్రిల్ 18న, హబ్యారిమానా మరణం తరవాత ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వ పెద్దలతో జరిగిన సమావేశం తరవాత చంపేవారి పక్షం చేరాడు. 1997 జనవరిలో విచారణ మొదలయ్యేనాటికి అభియోగపత్రంలో అత్యాచారం అన్న మాటే లేదు. వేరే విషయం మీద సాక్ష్యం చెప్పడానికి బోనెక్కిన ఒక తల్లి తన ఆరేళ్ల కూతురికి జరిగినది చెప్పింది. ధర్మాసనంలో ఉన్న ఒకే ఒక మహిళ నవనీతమ్ పిళ్లై. డర్బన్‌లో తమిళ మూలాలున్న కుటుంబంలో పుట్టి, వర్ణవివక్ష రోజుల్లో వకీలుగా పనిచేసిన న్యాయమూర్తి. ఆ మాటను ధర్మాసనం జారవిడవలేదు. ఇంకా వివరాలు అడిగింది, తరవాత వచ్చిన సాక్షి కూడా అలాంటి విషయాలే చెప్పింది. మహిళా సంఘాలు, మానవహక్కుల సంస్థలు గట్టిగా పట్టుబట్టాయి. 1997 జూన్‌లో ప్రాసిక్యూటర్లు అభియోగపత్రాన్ని సవరించారు.

1998 సెప్టెంబరు 2న తీర్పు వచ్చింది. అకాయేసు 15 అభియోగాల్లో తొమ్మిదింటిలో దోషి. ఒక వర్గాన్ని నాశనం చేయాలన్న ఉద్దేశంతో చేసినప్పుడు అత్యాచారం కూడా జాతిహననమేనని కోర్టు తేల్చింది. బలవంతపు పరిస్థితుల్లో జరిగే లైంగిక దాడి అత్యాచారమని, దాన్ని శరీర భాగాల జాబితాతో కొలవకూడదని నిర్వచించింది. అంతవరకు యుద్ధంలో ఆడవాళ్ల మీద జరిగే దాడులను సైనికుల క్రమశిక్షణ లోపంగానో, యుద్ధంలో తప్పని నష్టంగానో చూసేవారు. ఆ చూపు చట్టంలో మారింది అరూషాలోనే. రెండు రోజుల తరవాత, నేరం ఒప్పుకున్న మాజీ ప్రధాని జాన్ కంబాండాకు యావజ్జీవం పడింది. 2003లో ద్వేషం నూరిపోసిన రేడియో, పత్రిక నడిపినవారికి శిక్షలు పడ్డాయి. 2011లో మహిళా సంక్షేమ మంత్రిగా పనిచేసిన పోలిన్ న్యిరామసుహుకో దోషిగా తేలింది. అంతర్జాతీయ ట్రిబ్యునల్ జాతిహనన నేరం కింద శిక్షించిన మొదటి మహిళ ఆమె.

ట్రిబ్యునల్ మొత్తం మీద 93 మందిపై అభియోగాలు మోపి, 62 మందికి శిక్ష వేసింది. ఇరవై ఏళ్లు పట్టింది, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. నిర్బంధంలో ఉన్న నిందితులకు ఎయిడ్స్ మందులు అందేవి. వాళ్ల మీద సాక్ష్యం చెప్పిన, ఆ దాడుల వల్లే వ్యాధి సోకిన ఆడవాళ్లలో చాలామందికి ఇంటి దగ్గర ఆ మందులు చాలాకాలం దొరకలేదు. ఈ అన్యాయాన్ని ఏ తీర్పూ సరిచేయలేదు.

జైళ్లు నిండిపోయిన రువాండా పాత సభ వైపు చూసింది. 2001 జనవరి చట్టం గచాచాకు కొత్త రూపం ఇచ్చింది. ఆ అక్టోబరులో ఊరివాళ్లు రెండున్నర లక్షల మంది న్యాయనిర్ణేతలను ఎన్నుకున్నారు. నిజాయితీపరులని పేరున్న రైతులు, పంతుళ్లు, ఈసారి ఆడవాళ్లు కూడా. జీతం లేదు, చట్టం చదువు లేదు, కొద్దిరోజుల శిక్షణ మాత్రం ఉంది. 2002లో కొన్నిచోట్ల ప్రయోగంగా మొదలై, తరవాత దేశమంతా సుమారు 12,000 కోర్టులు నడిచాయి. వారానికి ఒక రోజు ఊరంతా పనులు మానుకుని రావాలి. 2004 చట్టంతో హాజరు తప్పనిసరి అయింది. నేరాలను తరగతులుగా విడదీశారు. కుట్ర నడిపినవాళ్లు, పెద్ద నాయకులు మామూలు కోర్టులకు, చంపినవాళ్లు, కొట్టినవాళ్లు, ఆస్తి దోచినవాళ్లు గచాచాకు. నిందితుడికి వకీలు ఉండడు. నేరం ఒప్పుకుని, తోడున్నవారి పేర్లు చెప్పి, క్షమాపణ అడిగితే శిక్ష బాగా తగ్గేది. మిగిలిన దానిలో సగం సమాజసేవగా రోడ్లు వేస్తూ, ఇళ్లు కడుతూ, కొండవాలుల్లో మెట్లుగా చాళ్లు తవ్వుతూ గడపవచ్చు.

ఈ ఒప్పుకోళ్ల వల్ల కలిగిన అసలు మేలు శవాల జాడ. ఫలానా బావిలో, ఫలానా మరుగుదొడ్డి గుంతలో, ఫలానా అరటితోటలో అని చెబితే తవ్వారు. పదేళ్లుగా తమవాళ్లు ఎక్కడున్నారో తెలియని కుటుంబాలు ఎముకలు కడిగి, పెట్టెల్లో పెట్టి, పేరు పెట్టి పూడ్చుకున్నాయి. అరూషాకు ఇది చేతనయ్యే పని కాదు.

అదే ఒప్పుకోలు బేరసారాలకూ దారితీసింది. జైల్లో మాట కలుపుకుని చచ్చిపోయినవాళ్ల మీదికి నేరం నెట్టినవారున్నారు. పొలం తగవుతో పక్కవాడిని ఇరికించినవారున్నారు. లంచాలు తీసుకున్న న్యాయనిర్ణేతలున్నారు. సాక్ష్యం చెప్పిన బాధితుల్లో కొందరు హత్యకు గురయ్యారు. 2008లో అత్యాచారం కేసులను కూడా గచాచాకే మార్చారు. విచారణ తలుపులు మూసే జరిపినా, న్యాయనిర్ణేతలంతా ఊరివాళ్లే. పదేళ్లపాటు దాచుకున్నది పొరుగువాళ్ల ముందు చెప్పాల్సి రావడం చాలామందికి రెండో శిక్ష అయింది.

అరూషా, గచాచా రెండూ ఒకే చోట ఆగిపోయాయి. గెలిచిన సైన్యం చేసిన హత్యలు గచాచా పరిధిలో లేవు. ట్రిబ్యునల్ పరిధిలో ఉన్నా దాని ముందుకు రాలేదు. ఆ సైన్యం మీద దర్యాప్తు మొదలుపెట్టిన ప్రాసిక్యూటర్ కార్లా డెల్ పాంటే రువాండా బాధ్యతను 2003లో కోల్పోయారు. 1994 జూన్‌లో ముగ్గురు బిషప్పులను, వారితో ఉన్న మరికొందరిని చంపిన కేసును రువాండా సైనిక కోర్టుకే అప్పగించారు. 2008లో ఇద్దరు అధికారులకు కొద్ది ఏళ్ల శిక్ష పడింది, మరో ఇద్దరు విడుదలయ్యారు. తమవాళ్లను పోగొట్టుకున్న హుటూ కుటుంబాలకు గడ్డి మీద నిలబడి ఆ పేర్లు చెప్పుకునే వీలు లేకపోయింది. ఈ మౌనం రెండు కోర్టుల విలువనూ తగ్గించిందని ఒప్పుకోక తప్పదు.

2012 జూన్ 18న గచాచా కోర్టులను మూసివేశారు. అధికారిక లెక్కల్లో తేలిన కేసులు 19 లక్షలకు పైన, వాటిలో ఎక్కువ భాగం ఆస్తి దోపిడీవి. దోచినది తిరిగి కట్టాలన్న తీర్పుల్లో చాలావాటికి డబ్బు రాలేదు, కట్టాల్సినవాళ్లూ పేదవాళ్లే. అరూషా ట్రిబ్యునల్ 2015 డిసెంబరు 31న ముగిసి, మిగిలిన పని ఒక చిన్న యంత్రాంగానికి చేరింది. ద్వేషపు రేడియోకు డబ్బు పెట్టాడన్న అభియోగం ఉన్న ఫెలిసియన్ కబూగా 2020 మేలో పారిస్ శివార్లలో దొరికాడు. 2022లో విచారణ మొదలైంది కానీ, మతిమరుపు వ్యాధి వల్ల అతను విచారణకు తట్టుకోలేడని 2023లో న్యాయమూర్తులు తేల్చి ఆపేశారు. నిర్దోషులుగా తేలినవారు, శిక్ష పూర్తయినవారు కొందరు రువాండాకు వెళ్లడానికి భయపడి, ఏ దేశమూ రానివ్వక అరూషాలోనే ఏళ్ల తరబడి ఉండిపోయారు. 2021 డిసెంబరులో అలాంటి ఎనిమిది మందిని నైజర్ తీసుకుంది, కొద్దివారాలకే వెళ్లిపొమ్మని ఆదేశించింది.