ఇద్దరి కలం, ఒకే లోకం: పిల్లల ఫాంటసీ రచనలో తోబుట్టువులు

ఒక నవలకు ఇద్దరు రచయితలు ఉండడం అరుదు. ఆ ఇద్దరూ తోబుట్టువులై, లేని లోకాన్ని సృష్టించి, దానిని పిల్లలకో నవయువకులకో కథగా చెప్పడం మరింత అరుదు. అయినా రెండు శతాబ్దాలుగా ఈ తరహా రచన అక్కడక్కడా కనిపిస్తూనే ఉంది. ఇంగ్లండులో బ్రాంటీ కుటుంబం, రష్యాలో స్త్రుగాత్‌స్కీ సోదరులు, ఇటీవలి కాలంలో బారోమన్ అక్కాతమ్ముళ్లు, సెడ్జ్‌విక్ సోదరులు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. జంట కవుల సంప్రదాయం గల తెలుగు పాఠకులకు ఇద్దరు కలిసి రాయడం కొత్త సంగతి కాదు. కాని జంట రచన ఎలా సాగుతుంది, రచన ఎవరిదవుతుంది, జంటలో ఒకరు మరణిస్తే ఉమ్మడి పేరు ఏమవుతుంది అన్న ప్రశ్నలకు ఒక్కొక్క జంట ఒక్కొక్క విధంగా సమాధానం చెప్పింది.

బొమ్మ సైనికులతో మొదలు

1826 జూన్‌లో ఇంగ్లండులోని హావర్త్ గ్రామ మతాధికారి పాట్రిక్ బ్రాంటీ, కొడుకు బ్రాన్‌వెల్ కోసం లీడ్స్ నగరం నుంచి పన్నెండు కొయ్య సైనికుల బొమ్మలు తెచ్చారు. నలుగురు పిల్లలూ తలా ఒక బొమ్మను ఎంచుకొని పేరు పెట్టారు. షార్లెట్ తన బొమ్మకు వెల్లింగ్టన్ డ్యూక్ పేరు పెడితే, బ్రాన్‌వెల్ నెపోలియన్ పేరు పెట్టాడు. అప్పటికి షార్లెట్‌కు పదేళ్లు; అందరికన్నా చిన్నది ఆన్‌కు ఆరేళ్లు. ఆ ఆట నుంచే పశ్చిమాఫ్రికా తీరాన వెలసిన ఒక ఊహా సమాఖ్య, దాని రాజధాని గాజునగరం పుట్టాయి. దానికి రాజులు, యుద్ధాలు, కవులు, పత్రికలు అన్నీ ఏర్పడ్డాయి.

కథలు నోటి మాటగా మిగిలిపోలేదు. బొమ్మ సైనికుల చేతికి సరిపోయే కొలతలో పిల్లలు పుస్తకాలు తయారు చేశారు. అచ్చును అనుకరించే సూక్ష్మమైన అక్షరాలతో రాసి, కాగితాలు మడిచి, దారంతో కుట్టారు. పద్నాలుగేళ్ల వయసులో షార్లెట్ తయారు చేసిన ఒక చిట్టి పత్రిక సంచికను 2019లో పారిస్ వేలంలో బ్రాంటీ సొసైటీ 6 లక్షల యూరోలకు దక్కించుకుంది. అగ్గిపెట్టె పరిమాణంలో ఉన్న ఆ ఇరవై పుటలలో నాలుగు వేలకు పైగా పదాలున్నాయి. ప్రస్తుతం అది హావర్త్‌లో బ్రాంటీలు నివసించిన ఇంటిలోనే, మ్యూజియంలో ఉంది.

ఈ ఉమ్మడి లోకం ఎక్కువ కాలం ఒకటిగా నిలవలేదు. 1831లో షార్లెట్ చదువు కోసం ఇల్లు విడిచి వెళ్లిన తరువాత చిన్నవారైన ఎమిలీ, ఆన్ గాజునగరం నుంచి విడిపోయి గొండాల్ అనే సొంత ద్వీపరాజ్యాన్ని కల్పించుకున్నారు. షార్లెట్, బ్రాన్‌వెల్ 1834 నుంచి అంగ్రియా అనే మరో రాజ్యాన్ని విస్తరించారు. నలుగురి లోకం రెండు జంటల లోకాలుగా మారింది. గొండాల్‌పై చెల్లెళ్లిద్దరికీ మమకారం బాల్యంతో పోలేదు. 1845లో యార్క్ నగరానికి వెళ్లినప్పుడు దారి పొడవునా తాము గొండాల్ పాత్రలుగా నటించామని ఎమిలీ తన దినచర్య కాగితంలో నమోదు చేసింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏడేళ్లు. మరో రెండేళ్లకే ఆమె నవల 'వదరింగ్ హైట్స్' వెలువడింది. గొండాల్ వచన కథలు దొరకలేదు. కొన్ని కవితలు, పాత్రల జాబితాలు మాత్రమే మిగిలాయి.

బ్రాంటీ పిల్లలు రాసినది పిల్లల మార్కెట్టు కోసం కాదు. వారికి వారే రచయితలు, వారే పాఠకులు. తోబుట్టువుల జంట రచనకు ఉన్న మొదటి బలం కూడా ఇదే. ఒకే ఇంటిలో పెరిగినవారికి కల్పిత లోకపు నియమాలను ఒకరికొకరు వివరించుకోవలసిన పని ఉండదు.

వాక్యం వాక్యం కలిసి

స్త్రుగాత్‌స్కీ సోదరుల పద్ధతి ఇందుకు భిన్నం. అన్న అర్కాది (1925–1991) జపనీస్ భాషా నిపుణుడు, అనువాదకుడు, మాస్కోలో నివసించారు. తమ్ముడు బొరీస్ (1933–2012) ఖగోళ శాస్త్రజ్ఞుడు. లెనిన్‌గ్రాడ్‌లో ఉండి పుల్కొవో వేధశాలలో పనిచేశారు. వేర్వేరు నగరాలలో ఉన్నందున ఏదో ఒక చోట కలుసుకొని రచన సాగించేవారు. ఒకరు టైపు మిషను ముందు కూర్చుంటే, ఇద్దరూ ప్రతి వాక్యాన్నీ పైకి చెప్పి, వాదించి, ఒప్పుదల కుదిరిన తరువాతే కాగితం మీద పెట్టేవారు. అందుకే వారి పుస్తకాలలో ఏ వాక్యం ఎవరిదో గుర్తుపట్టడం కష్టం.

తార్కోవ్‌స్కీ 1979 చిత్రం 'స్టాకర్' ఆధారంగా వీరిని వయోజనుల సైన్స్ ఫిక్షన్ రచయితలుగానే ప్రపంచం గుర్తిస్తుంది. కాని 1959లో వీరి తొలి నవలను ప్రచురించింది సోవియట్ బాలల ప్రచురణాలయమే. 1965లో వచ్చిన 'సోమవారం శనివారమే మొదలవుతుంది' కూడా అక్కడి నుంచే వెలువడింది. మంత్రవిద్యపై పరిశోధనలు చేసే ఒక ప్రభుత్వ సంస్థలో కంప్యూటర్ ప్రోగ్రామరుగా చేరిన యువకుడి కథ అది. కోడికాళ్ల మీద నిలిచిన గుడిసె, కథ మొదలుపెట్టి మధ్యలో మరచిపోయే పిల్లి, ఖర్చు చేసినా జేబులోకి తిరిగి వచ్చే నాణెం అందులో కనిపిస్తాయి. రష్యన్ జానపద సామగ్రి ఆఫీసు ఫైళ్ల మధ్యకు చేరడం వల్ల పుట్టే హాస్యం ఆ నవలకు ప్రాణం.

ఒక్కరే రాసిన రచనకు ఈ సోదరులు ఉమ్మడి ఇంటిపేరు వాడుకోలేదు. అర్కాది ప్రధానంగా తానే రాసిన వాటిని, వాటిలో పిల్లల కథ కూడా ఒకటి, ఎస్. యారొస్లావ్‌త్సెవ్ అన్న కలం పేరుతో ప్రచురించారు. అన్న మరణానంతరం బొరీస్ రాసిన రెండు నవలలు ఎస్. వితీత్‌స్కీ అన్న పేరుతో వచ్చాయి. 'స్త్రుగాత్‌స్కీ సోదరులు' అనే రచయిత తమ ఇద్దరిలో ఏ ఒక్కరూ కాదని, ఇద్దరూ కలిస్తేనే ఉనికిలోకి వచ్చే మూడో వ్యక్తి అని వారి ఆచరణ చెబుతుంది.

కవలల కథలు, అన్నదమ్ముల కథలు

సమకాలీన ఉదాహరణలలో నటుడు జాన్ బారోమన్, ఆయన అక్క కారల్ బారోమన్‌ల జంట ఒకటి. స్కాట్లాండ్‌లో పుట్టి, కుటుంబంతో అమెరికాకు వెళ్లినవారు వీరు. కారల్ అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఆంగ్ల అధ్యాపకురాలిగా పనిచేశారు. తమ్ముడి ఆత్మకథను కలిసి రాయడంతో మొదలైన వీరి ఉమ్మడి కృషి 2012లో పిల్లల ఫాంటసీ నవల 'హాలో ఎర్త్'కు చేరింది. దాని తరువాయి భాగాలు 'బోన్ క్విల్' 2013లో, 'ద బుక్ ఆఫ్ బీస్ట్స్' 2014లో వచ్చాయి. తాము గీసిన బొమ్మలకు ప్రాణం పోయగల మ్యాట్, ఎమ్ అనే కవలలు ఇందులో కథానాయకులు. కథాస్థలం స్కాట్లాండ్ పశ్చిమ తీరంలోని ఒక దీవి. రచయితలు వదిలి వచ్చిన దేశమే కథకు నేల అయింది. 2016 నుంచి అదే కవలలు కాస్త పెద్దవారై కనిపించే మరో నవలామాలికను కూడా ఈ అక్కాతమ్ముళ్లు ప్రారంభించారు.

ఇంగ్లండుకు చెందిన మార్కస్ సెడ్జ్‌విక్, జూలియన్ సెడ్జ్‌విక్ సోదరులు విడివిడిగా కూడా యువ పాఠకుల రచయితలే. వీరు కలిసి రాసిన 'వాయేజెస్ ఇన్ ది అండర్‌వరల్డ్ ఆఫ్ ఆర్ఫియస్ బ్లాక్' 2019లో వెలువడింది. 1944 నాటి లండన్‌పై బాంబుదాడి తరువాత హ్యారీ అనే యువకుడు ఆసుపత్రిలో కళ్లు తెరుస్తాడు. అన్నదమ్ముడు ఎలిస్ మరణించి ఉంటాడని అందరూ చెప్పినా నమ్మక, అతణ్ణి వెదుక్కుంటూ శిథిల నగరపు అడుగు లోకాలలోకి దిగుతాడు. చనిపోయిన భార్య కోసం పాతాళానికి వెళ్లిన గ్రీకు గాయకుడు ఆర్ఫియస్ గాథ దీనికి ఆధారం. ఈ నవల వచ్చిన మూడేళ్లకు, 2022 నవంబరులో, మార్కస్ కన్నుమూశారు. సోదరుణ్ణి వెదికే సోదరుడి కథను ఆ తరువాత చదివే పాఠకుడికి దానిలో మరో అర్థం స్ఫురించక మానదు.

జానపద కథల సేకర్తలైన జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులను కూడా ఈ వరుసలో చెప్పడం పరిపాటి. అయితే వారు నవలా రచయితలు కారు. 1812లో 86 కథలతో మొదలైన వారి తొలి సంపుటం 1857 నాటి ఏడో కూర్పుకు 200 కథల సంకలనంగా పెరిగింది. తరువాతి కూర్పుల సంస్కరణలో అధిక భాగం తమ్ముడు విల్‌హెల్మ్‌ది. అయినా పుస్తకం మీద ఎప్పుడూ ఇద్దరి పేరే నిలిచింది.

మన దగ్గర

తెలుగులో జంట రచన ప్రాచీనమైనది. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణానికి ఉత్తరకాండను ద్విపదలో సంతరించినది ఆయన కుమారులు కాచ విభుడు, విఠల విభుడు. తండ్రి కావ్యాన్ని అన్నదమ్ములు కలిసి పూర్తిచేశారు. ఇరవయ్యో శతాబ్దారంభంలో అవధాన సభలను ఉర్రూతలూపిన కొప్పరపు సోదర కవులు వేంకట సుబ్బరాయకవి, వేంకట రమణకవి అన్నదమ్ములే. వారితో పోటీపడిన తిరుపతి వేంకట కవులు మాత్రం రక్తబంధువులు కారు, సహాధ్యాయులు. దివాకర్ల తిరుపతిశాస్త్రి మరణించిన తరువాత కూడా చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన రచనలను జంట పేరుతోనే వెలువరించారు. బొరీస్ స్త్రుగాత్‌స్కీ చేసిన దానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. ఒకరు ఉమ్మడి పేరును జంటతోపాటే ముగించారు. మరొకరు ఆ పేరుతోనే మిత్రుణ్ణి బతికించుకున్నారు.

పిల్లల అద్భుత కథలకు తెలుగులో చిరునామా 1947 జూలైలో మొదలైన 'చందమామ'. 'తోకచుక్క', 'కంచుకోట', 'పాతాళదుర్గం', 'యక్షపర్వతం' వంటి ధారావాహికలతో కొన్ని తరాల పిల్లలను కట్టిపడేసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఆ పుటలలో కనిపించేది కాదు. అక్కడ పత్రికే రచయిత. జంట రచనలో ఇద్దరూ ఒక పేరులో కలిసిపోతే, ఇక్కడ ఒక రచయిత పత్రిక పేరులో కలిసిపోయాడు.

తోబుట్టువులంతా పిల్లల సాహిత్యంలో నిమగ్నమైన కుటుంబం బెంగాల్‌లో ఉంది. ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి 1913లో 'సందేశ్' పిల్లల పత్రికను స్థాపించారు. ఆయన సంతానంలో సుఖలత, సుకుమార్, పుణ్యలత, సువినయ్ అందరూ పిల్లల కోసం రాసినవారే. తండ్రి తరువాత సుకుమార్, 1923లో సుకుమార్ అకాల మరణం తరువాత తమ్ముడు సువినయ్ పత్రిక బాధ్యత తీసుకున్నారు. సుకుమార్ కుమారుడు సత్యజిత్ రాయ్ 1961లో దానిని పునరుద్ధరించారు. వీరు ఒకే నవలను కలిసి రాయలేదు. ఒకే పత్రికను వంతులవారీగా మోశారు.

చట్టం దృష్టిలో

ఇంటిలో మొదలైన కథ అచ్చయితే ఆస్తి అవుతుంది. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం ఉమ్మడి రచనను నిర్వచించింది. ఇద్దరు లేక అంతకు మించిన రచయితలు కలిసి సృష్టించి, ఒకరి భాగాన్ని మరొకరి భాగం నుంచి విడదీయలేని రచనే ఉమ్మడి రచన. ఒక అధ్యాయం అన్నది, మరొక అధ్యాయం చెల్లెలిది అని స్పష్టంగా వేరుచేయగలిగితే ఈ నిర్వచనం వర్తించదు.

రచయిత జీవితకాలంలో ప్రచురితమైన సాహిత్య రచనపై కాపీరైట్, ఆ రచయిత మరణించిన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. ఉమ్మడి రచన విషయంలో చివరగా మరణించిన రచయితను బట్టి ఈ గడువును లెక్కిస్తారు. ఉదాహరణకు ఒకరు 2030లో, మరొకరు 2050లో మరణిస్తే ఆ పుస్తకంపై హక్కు 2110 ముగిసేదాకా నిలుస్తుంది. వాటాలు, కథాలోకంపై తరువాతి రచనలు, ఒకరు తప్పుకుంటే పేరు వాడకం వంటి విషయాలను రచయితలు ముందుగానే లిఖితపూర్వకంగా తేల్చుకోవడం మంచిది. తోబుట్టువుల మధ్య ఇటువంటి పత్రం అవసరమా అన్న సంకోచం సహజమే. కాని వారి తరువాత ఆ హక్కులు చేరేది వేర్వేరు వారసులకు.

ఏమి మిగులుతుంది

ఈ ఉదాహరణలన్నిటిలోనూ ఉమ్మడి లోకం పుట్టేది అచ్చుకు ఎంతో ముందు. రాయపూర్ శంకర్ నగర్‌లో పెరిగినా, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగినా, ఇంట తెలుగు, బడిలో హిందీ లేక ఇంగ్లీషు, వీధిలో మరొక భాష మధ్య పెరిగే అక్కాతమ్ముళ్లు తమ ఆటలకు తామే పేర్లు పెట్టుకుంటారు, తమకు మాత్రమే తెలిసిన మాటలు కల్పించుకుంటారు. ఆ మాటలలో చాలా వరకు బాల్యంతోనే మరుగున పడతాయి. గొండాల్ కథలు కూడా అలాగే పోయాయి. గాజునగరం మిగలడానికి కారణం, దానిని ఎవరో ఒకరు చిట్టి కాగితం మీద రాసి, కుట్టి, దాచిపెట్టడమే.