బాలచంద్రుడి తల్లి

పల్నాటి వీరుల కథలో బాలచంద్రుణ్ణి పెంచి, ఆపి, చివరికి సాగనంపిన మనిషి తల్లి ఐతమ. యువపాఠకుల కోసం రాసే కథల్లో తల్లిని సాధారణంగా తొందరగా పక్కకు తప్పిస్తారు. హారీ పాటర్‌కు తల్లి రక్ష ఆమె ప్రాణత్యాగంతోనే దక్కింది, దారి చూపే పని గురువు డంబుల్‌డోర్‌ది. పల్నాటి కథలో మాత్రం కాపాడే చెయ్యీ బుద్ధి చెప్పే నోరూ ఒకే ఇంట్లో ఉన్నాయి.

గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. నలగాముడి వైపు నాయకురాలు నాగమ్మ, మలిదేవుడి వైపు బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్లు వలస పోయింది. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారం వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. దాంతో కారంపూడిలో యుద్ధం తప్పలేదు. దాని కాలం 1182 ప్రాంతమని సాధారణంగా చెబుతారు.

యుద్ధానికి కదిలిన బ్రహ్మనాయుడు కొడుకు బాలచంద్రుణ్ణి మాత్రం ఇంటి దగ్గరే ఉంచాడు. నోములు నోచి కన్న బిడ్డను కనిపెట్టుకుని ఉండే పని ఐతమ మీద పడింది. పిల్లవాడికి లోకమంతా బొంగరాలాటే. ములికి దగ్గర మొదలుపెట్టి తాడు బిగించి చుట్టి, ఒక్క విసురున వదిలితే బొంగరం నేల మీద గుమ్మని తిరుగుతుంది. అలా విసిరిన బొంగరం గురితప్పి ఒక కోమటి పడుచు కాలికి తగిలింది. తండ్రీ బంధువులూ రణరంగంలో ఉంటే నీకు ఆటలా అని ఆమె దెప్పింది. ఇంట్లో ఇన్నాళ్లూ దాచిన సంగతి వీధిలో ఒక్క మాటతో బయటపడింది.

బాలచంద్రుడు నేరుగా తల్లి దగ్గరకు వచ్చాడు. ఐతమ మొదట తన నోముల సంగతీ భయమూ చెప్పుకుని ఆపబోయింది. కొడుకు వినలేదు. అప్పుడామె కోడలు మాంచాలకు కబురు పెట్టింది, వస్తున్నవాణ్ణి ఎలాగైనా నిలపమని. ఉపాయం మంచిదే గానీ కోడలి మనసును అత్త సరిగా అంచనా వేయలేదు. మాంచాల వీరతిలకం దిద్ది, కత్తి చేతికిచ్చి పంపింది. దారి చూపే పాత్ర అత్తాకోడళ్ల మధ్య ఇలా రెండుగా చీలింది: ఒకరు ప్రాణం గురించి, ఒకరు పరువు గురించి మాట్లాడారు. కథ వినే జనం కత్తి ఇచ్చిన మాంచాలనే ఎక్కువ తలచుకుంటారు. ఐతమకు ఇది కొంత అన్యాయమే.

బాలచంద్ర యుద్ధం ద్విపద కావ్యంగా శ్రీనాథుడి పేరున నిలిచింది. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని పరిష్కరించి 1911లో అచ్చు వేయించారు. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న క్రీడాభిరామంలో, ఓరుగల్లు వీధుల్లో పల్నాటి వీరుల కథ పాడటం కనిపిస్తుంది. అంటే అప్పటికే ఈ కథ పల్నాడు దాటి పోయింది. ఊళ్లలో దాన్ని నిలిపినవాళ్లు వీరవిద్యావంతులనే గాయకులు. అలిశెట్టి గాలెయ్య పాడిన కథను అమెరికా పరిశోధకుడు జీన్ రోఘేర్ సేకరించి ఇంగ్లీషులో 1982లో పుస్తకంగా తెచ్చారు.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఈపూరు ఒక మండలం. వినుకొండ వైపున్న ఆ మండలం ఊళ్లకు కూడా వీరుల కథకు కేంద్రం కారంపూడే. అక్కడ కార్తీక అమావాస్యతో మొదలై ఐదు రోజులు వీరుల తిరునాళ్ల సాగుతుంది. పల్నాటి వీరులను కొలిచే వీరాచారం పాటించే కుటుంబాలు తమ ఆయుధాలను తెచ్చి నాగులేటి నీటిలో కడిగి వీరుల గుడికి చేరుస్తాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో పేరు. మందపోరు రోజున కులాల తేడా లేకుండా చాపకూడు తింటారు. కళ్లిపాడుతో ఉత్సవం ముగుస్తుంది.