బుధవారం బిళ్ళ

1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రాసిన వ్యాసం అచ్చయింది. రక్తక్యాన్సర్‌తో నేడో రేపో అన్నట్టున్న 16 మంది పిల్లల్లో 10 మంది, కొద్దికాలమే అయినా, తేరుకున్నారు. వాళ్లకు ఇచ్చిన మందు అమినోప్టెరిన్. పంపింది న్యూయార్క్ దగ్గర పెరల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీ. అక్కడ పరిశోధనకు పెద్దదిక్కు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రెండు నెలలకే, ఆగస్టులో, గుండెపోటుతో పోయారాయన. 53 ఏళ్లు. ఆ మందు కుటుంబం కీళ్లవాతానికి పనికొస్తుందని తెలియకుండానే వెళ్లిపోయారు.

అవనిగడ్డ సెంటర్లో మందుల షాపు ముందు కాసేపు నిలబడితే ఇలాంటి మాటలు చెవినపడతాయి.

"రోజూ వేసుకుంటే తొందరగా తగ్గుద్ది గదా అబ్బాయ్?"

"అమ్మో, అంత పని చెయ్యమాకండి పిన్నిగారూ. వారానికి ఒక్కసారే. బుధవారం."

కీళ్లవాతంతో ఆమెకు పొద్దున్నే పిడికిలి ముడుచుకోదు. పాలపాకెట్ మూల చింపలేదు, తడిచీర పిండలేదు. ఎండెక్కితేగానీ వేళ్లు మాట వినవు. కవర్లో రెండు రకాల బిళ్ళలున్నాయి: వారానికోసారి మెథోట్రెక్సేట్, మరో రోజు ఫోలిక్ యాసిడ్. మొదటిది అమినోప్టెరిన్‌కు తోబుట్టువు. రెండోదాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది కూడా సుబ్బారావు బృందమే. ఒకటి జబ్బును అదిమిపెడితే, ఆ మందు వల్ల నోరు పూయడం, వికారం లాంటి బాధలు రాకుండా రెండోది కాస్తుంది.

ఫోలిక్ యాసిడ్ వెంట ఆయన అంతగా పడటానికి ఇంట్లో కారణముంది. తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ జబ్బు ఆయన సోదరులిద్దర్నీ రోజుల తేడాలో పొట్టనపెట్టుకుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను తొడుక్కున్నందుకు ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్న మనిషి, 1920ల్లో బోస్టన్ చేరాడు. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కండరంలోంచి ఏటీపీ అనే రసాయనాన్ని వేరుచేశాడు. తర్వాత లెడర్లీలో ఫోలిక్ యాసిడ్, దాని వెంటే అచ్చం దానిలా కనబడి కణాన్ని బురిడీ కొట్టించే మందులు.

1951లో న్యూయార్క్‌లో డాక్టర్ గబ్నర్ కొద్దిమంది కీళ్లవాతం రోగులకు అమినోప్టెరిన్ ఇచ్చిచూశాడు. వాపులు తగ్గాయి. ఎవరికి పట్టింది? అంతకుముందే కార్టిజోన్ అనే మందు వచ్చింది, 1950లో నోబెల్ కూడా కొట్టేసింది. మెథోట్రెక్సేట్‌కు కీళ్లవాతం మందుగా అమెరికా ప్రభుత్వ అనుమతి దొరికింది 1988లో. ఆ ముప్పై ఏడేళ్లలో ఎన్ని వేళ్లు వంకరపోయాయో!

ఇంతకీ కీలు లోపల జరిగేదేమిటి? కీలుకు లోపలివైపు పల్చటి పొర ఉంటుంది. అక్కడ చేరిన రక్షణకణాలు టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను వదులుతాయి. ఇలాంటి సంకేత ప్రొటీన్లే సైటోకైన్లు. శత్రువు లేకపోయినా ఊళ్లో దండోరా ఆగనట్టు, టీఎన్‌ఎఫ్ కేక విని ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 కూడా అందుకుంటాయి. రక్తనాళాలు వదులై కొత్త కణాలు లోపలికొస్తాయి, పొర దళసరెక్కుతుంది, మృదులాస్థి అరుగుతుంది, ఎముక అంచులు తినేసినట్టవుతాయి. ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయం దాకా వెళ్లి సీఆర్‌పీ తయారుచేయిస్తుంది. ల్యాబ్ కాగితం మీద మనం చూసి బెంబేలెత్తే అంకె అదే. కరోనా రెండో వేవ్‌లో జనం ఊళ్లుపట్టుకు తిరిగిన టోసిలిజుమాబ్ ఈ ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే ఇంజెక్షనే. నిజానికి అది కీళ్లవాతం మందు.

చిన్న మోతాదులో మెథోట్రెక్సేట్ ఈ గోలను ఎలా తగ్గిస్తుందన్నదానికి ఎక్కువమంది ఒప్పుకునే వివరణ అడెనోసిన్. ఈ మందు పడ్డాక కణాల బయట అడెనోసిన్ పోగవుతుంది, అది రక్షణకణాలను నెమ్మదింపజేస్తుంది. ఏటీపీలో మొదటి అక్షరం ఆ అడెనోసిన్‌దే. సుబ్బారావు పడుచువయసులో కండరంలో పట్టుకున్నది, చివరి రోజుల్లో చేయించిన మందు, రెండూ ఒకే కీలులో కలుసుకున్నాయి. ఈ సంగతి ఆయనకు చెప్పగలిగితే బాగుండేది.

ఆ బిళ్ళ చాలనివాళ్లకు మరో దారి లండన్‌లో తెరుచుకుంది. మార్క్ ఫెల్డ్‌మన్, లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ కీళ్లలోంచి తీసిన కణాల మీద టీఎన్‌ఎఫ్ ఒక్కదాన్నే కట్టేస్తే మిగతావీ తగ్గడం చూశారు. టీఎన్‌ఎఫ్‌ను కట్టేసే మందును 1992లో రోగులకు ఇంజెక్షన్‌గా ఇచ్చారు. అదే దారిలో సోరియాసిస్‌కు, పేగులకు వచ్చే క్రోన్స్ జబ్బుకు కూడా మందు దొరికింది. ఆ ఇంజెక్షన్ల ఖరీదు మాత్రం కౌలురైతు ఇంట్లో మాట్లాడుకునే లెక్క కాదు. అందుకే ఇప్పటికీ డాక్టర్లు ముందు రాసేది బుధవారం బిళ్ళే, నెలల తరబడి రక్తపరీక్షలతో కాలేయాన్ని కనిపెట్టుకుంటూ. ఇంజెక్షన్ మొదలెట్టినా చాలామందికి బిళ్ళ ఆపరు.

టీఎన్‌ఎఫ్‌ను కట్టేసే ఇంజెక్షన్‌కు ముందు టీబీ పరీక్ష తప్పదు. ఊపిరితిత్తుల్లో ఎప్పటిదో పాత టీబీని కదలకుండా కట్టిపడేసి ఉంచేది ఆ టీఎన్‌ఎఫే. దాని నోరు నొక్కితే ఆ టీబీ లేచి కూర్చుంటుంది.