వుండదగిన ఊరు ఎవరికి?

మంచి ఊరు అంటే ఏది? ఈ ప్రశ్నకు తెలుగువాళ్ళ దగ్గర ఒక జవాబు సిద్ధంగా వుంది. బద్దెన రాశాడని చెప్పే సుమతీ శతకంలోని ఒక పద్యం చిన్నప్పుడే మనకది నేర్పింది. అప్పిచ్చేవాడు, వైద్యుడు, ఎండని ఏరు, ద్విజుడు - ఈ నాలుగూ వున్న ఊళ్ళో వుండాలి, లేని ఊళ్ళో అడుగుపెట్టరాదు అన్నది దాని సారాంశం. ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు ఆ పద్యం చెబుతున్నాను. నేనున్న ఇబ్రహీంపట్నానికి ఆ నాలుగు గుర్తులూ పెట్టి చూస్తే ఊరి చరిత్రతోపాటు ఆ పద్యం కొసరు కూడా బయటపడుతుంది.

ముందు పద్యానికి దక్కవలసిన గౌరవం దక్కాలి. మన ప్రబంధ కవులు పురవర్ణనతో కథ మొదలుపెట్టారు. కోట, అగడ్త, మేడలు, ఏనుగులు, నాలుగు వర్ణాలవారు, వారకాంతలు - ఇదీ ఆ వర్ణనకు కావలసిన సామగ్రి. మనుచరిత్రలోని అరుణాస్పదపురం అలాంటిదే. అది చూడదగిన ఊరు. శతకకారుడు అడిగింది వుండదగిన ఊరు. ఆయన కోట పేరెత్తలేదు, రాజు పేరెత్తలేదు. జబ్బుచేస్తే దిక్కెవరు, నీళ్ళెక్కడ, చేతిలో డబ్బు లేనినాడు ఎవరిని అడగాలి అని ఆలోచించాడు. కావ్యాలనూ శతకాలనూ జనం బతుకు తెలుసుకోవటానికి చదవవచ్చునని 1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో సురవరం ప్రతాపరెడ్డిగారు చూపించారు. ఆ దారిలో నడుస్తూనే ఈ పద్యాన్ని కొంచెం గట్టిగా ప్రశ్నించాలి.

మొదట నీళ్ళు. ఇబ్రహీంపట్నం హైదరాబాదుకు ఆగ్నేయంగా, నాగార్జునసాగర్ దారిలో, సుమారు ముప్పయి కిలోమీటర్ల దూరంలో వుంది. ఈ ఊరికి జీవనది లేదు. ఉన్నది చెరువు. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరే ఊరికీ చెరువుకూ నిలిచింది. హుసేన్‌సాగర్ కూడా ఆయన ఏలుబడిలోనిదే. ఆయన తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఆ ఆదరణను తక్కువ చేయనవసరం లేదు. అయితే రాజు పేరు కృతిలో నిలిచింది, చెరువుకు నిలిచింది. మట్టి తవ్వి తట్టలకెత్తి కట్ట పోసినవాళ్ళ పేరు ఎక్కడా నిలవలేదు. మన చెరువుల చరిత్ర అంతా వడ్డెరల చేతుల చరిత్ర, తూము దగ్గర రాత్రులు కాపలా వున్న నీరటికాండ్ల చరిత్ర. చెరువు బాగుచేసేవారికి దశబంధమని మాన్యం ఇచ్చిన కాలం ఒకటుంది. చెరువు కట్టి వదిలేస్తే నిలవదని, ఏటా మనిషి చేయి పడాలని పాత సమాజానికి తెలుసు.

ఏరు ప్రకృతి ఇచ్చేది. చెరువు మనుషుల మధ్య ఒప్పందం. కట్ట, తూము, అలుగు, వరదకాలువ - ఏ ఒక్కటి చెడినా అది వట్టి పల్లమే. నాకు నలభై దాటాయి. మా పెద్దచెరువు నిండి అలుగు పారటం నేను చూసింది 2022 వానలకు. కట్ట మీద తిరునాళ్ళలా జనం. "సారూ, ఇన్ని రోజులు ఈ నీళ్ళు ఎటు పోయినయి?" అని ఒక పిల్లవాడు అడిగాడు. వాన సంగతి చెప్పాను. బోర్ల సంగతి, నీటి దారులకు అడ్డం పడ్డ కట్టడాల సంగతి కూడా చెప్పవలసి వచ్చింది.

ఇక అప్పిచ్చేవాడు. శతకకారుడు ఇతన్ని ముందు వరసలో నిలబెట్టాడు. తెలంగాణ పల్లె చరిత్ర తెలిసినవాడు ఇక్కడ ఆగిపోతాడు. ధాన్యం అప్పు తెచ్చి నాగు కట్టినవాళ్ళు, తాత చేసిన బాకీకి మనుమడు దొర ఇంట పాలేరుగా చేరినవాళ్ళు ఆ పద్యాన్ని ఏమని చదవాలి? అప్పుకు మనిషినే కుదువపెట్టే భగేలా పద్ధతిని అదుపు చేయటానికి నిజాం ప్రభుత్వం 1936లో నిబంధనలు చేయక తప్పలేదు. హైదరాబాదు చుట్టుపట్ల భూములు సర్ఫేఖాస్ పేరుతో నిజాం సొంత ఆస్తిగా వుండేవి, 1949లో గాని అవి ప్రభుత్వంలో కలవలేదు. 1946-51 నాటి సాయుధ పోరాటంలో రైతులు అప్పు పత్రాలను తగలబెట్టారంటే, 'అప్పిచ్చేవాడున్న ఊరు' వాళ్ళకు ఏమై కనిపించిందో తెలుస్తుంది. ఆ కథ అక్కడితో ముగియలేదు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళకు ఆడవాళ్ళు ప్రాణాలు తీసుకుంటుంటే ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పు దొరకటం కాదు, అప్పు లేకుండా గడవటం మంచి ఊరి గుర్తు.

ద్విజుడి మాట. పుట్టుకకూ చావుకూ మంత్రం చెప్పేవాడు కావాలన్నది ఆ కాలపు అవసరం. ఆయన్ను చదువుకు గుర్తుగా తీసుకుందామని కొందరంటారు. సరే, తీసుకుందాం. ఆ చదువు ఎవరి వాకిట ఆగింది? హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసి తెలుగు పుస్తకానికి నీడనిచ్చింది. అదే నగరంలో భాగ్యరెడ్డివర్మ అంటరాని పిల్లలకు వేరే బడులు పెట్టవలసి వచ్చింది. ద్విజుడున్న ఊళ్ళో కూడా బడి లేనివాళ్ళు వున్నారు కనుకనే ఆ పని అవసరమైంది.

చివరికి వైద్యుడు. ఇక్కడ కలం బరువెక్కుతుంది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే ముప్పయి నలుగురు స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే వాళ్ళలో నలుగురు చనిపోయారు. అంతా చిన్న వయసు తల్లులు, పేదిళ్ళవాళ్ళు. సరిగ్గా అదే రోజున, ఇదే మండలంలోని కొంగరకలాన్‌లో జిల్లా కలెక్టరేటు కొత్త భవనాన్ని ముఖ్యమంత్రి ప్రారంభించారు. 2014లో బిలాస్‌పూర్ శిబిరంలో ఇలాగే స్త్రీలు చనిపోయాక, 2016లో సుప్రీంకోర్టు మూడేళ్ళలో ఈ శిబిరాల పద్ధతికే స్వస్తి చెప్పమన్నది. ఆ గడువు దాటి దాదాపు మూడేళ్ళయ్యాక మా ఊరి నుంచి నాలుగు శవాలు లేచాయి. వైద్యుడు లేడా? వున్నాడు. ఆసుపత్రి లేదా? వుంది. పద్యం లెక్క ప్రకారం ఊరికి ఏ లోటూ లేదు.

పద్యంలోని కొసరు ఇక్కడే వుంది. అది 'వుండు', 'పోకు' అని చెబుతోంది. ఎవరికి? నచ్చితే వుండి, నచ్చకపోతే ఇంకో ఊరు చూసుకోగలవాడికి. వడ్డెర కట్ట పోసి తట్ట ఎత్తుకుని ఇంకో చెరువుకు పోయాడు, ఊరు ఎంచుకుని కాదు. భగేలా ఊరు విడిచి పోలేడు, పోతే పట్టుకొస్తారు. ఆ నలుగురు తల్లులకు ఇంకో ఆసుపత్రి ఎంచుకునే స్తోమత లేదు. ఊరి బాగోగులు తేల్చే హక్కును మన సాహిత్యం ఊరు మార్చగలవాడికే ఇచ్చింది.

ఈరోజు సాగర్ రోడ్డు పొడుగునా పంచే వెంచర్ల కరపత్రాలు చూడండి. అవుటర్ రింగు రోడ్డు ఎంత దూరం, విమానాశ్రయం ఎంత దూరం, కార్పొరేట్ బడి, ఆసుపత్రి ఎంత దూరం - అన్నీ కారులో కూర్చుని కొలిచినవే. ఇదీ ఒక సుమతీ పద్యమే, ఛందస్సు పోయిందంతే. ఎకరం అమ్ముకున్న రైతు కొడుకు అదే నేల మీద గజాల లెక్కన స్థలం కొనుక్కోగలడా అన్న పంక్తి అందులో వుండదు.

కాబట్టి ఊరికి ఏమున్నాయి అని అడిగితే చాలదు. వున్నవి ఊరు విడిచి పోలేనివాడికి ఏ మేరకు దక్కుతున్నాయి అని అడగాలి. చెరువుకు వాననీళ్ళు వచ్చే దారి మూతపడకుండా చూడగలిగితే, ఆపరేషన్ బల్ల మీద పడుకున్న కూలితల్లి అంకె కాక మనిషి కాగలిగితే ఇబ్రహీంపట్నం వుండదగిన ఊరవుతుంది. మన కథకులు, కవులు పురవర్ణన మళ్ళీ రాయాలి. ఆ వర్ణన కోట గుమ్మం దగ్గర కాక తూము దగ్గర, ఆసుపత్రి వరండాలో మొదలు కావాలి.