దిరియా: ఆరు నెలలు లొంగని మట్టికోట

రియాద్‌లో కోట చూడాలంటే తెలుగువాళ్ళు మొదట వెళ్ళేది మస్మక్‌కే. వారాంతాల్లో మనవాళ్ళంతా చేరే బత్హాకు అది దగ్గర. 1902 జనవరిలో సౌదీ రాజ్య స్థాపకుడు అబ్దుల్ అజీజ్ కొద్దిమంది అనుచరులతో దాన్ని పట్టుకున్న కథ అక్కడ ఎవరినడిగినా చెబుతారు. అదంతా ఒక్క తెల్లవారుజామున ముగిసిన పోరు. నిజంగా ఫిరంగుల ముట్టడి చూసిన కోటపట్టణం నగరానికి వాయవ్యంలో, వాదీ హనీఫా అనే వాగు గట్టున ఉంది. పేరు దిరియా.

15వ శతాబ్దం మధ్యలో మానీ అల్ మురైదీ అనే పెద్ద తన వాళ్ళతో ఇక్కడికి వలస వచ్చాడు. వాగు పక్కన బావులు తవ్వి ఖర్జూర తోటలు వేశారు. మూడు శతాబ్దాలు అదొక మామూలు ఊరే. 1727లో ముహమ్మద్ బిన్ సౌద్ అధిపతి అయ్యాక, 1744లో మతసంస్కర్త ముహమ్మద్ బిన్ అబ్దుల్ వహాబ్‌తో పొత్తు కుదిరాక దాని రాత మారింది. తురైఫ్ గుట్ట మీద పచ్చి ఇటుకల మేడలు, బురుజులు లేచాయి. దిరియా సేనలు కర్బలాను కొల్లగొట్టాయి, మక్కా మదీనాలను పట్టుకున్నాయి. పుణ్యక్షేత్రాలే చేజారాక ఇస్తాంబుల్ సుల్తాను ఊరుకుంటాడా! ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీని పురమాయించాడు. 1811లో మొదలైన ఆ యుద్ధాన్ని చివరికి దిరియా దాకా తెచ్చినవాడు అతని కొడుకు ఇబ్రహీం పాషా. ఆ సేన వెంట ఒక ఫ్రెంచి అధికారి కూడా ఉన్నాడు, పేరు వెస్సియేర్.

ఫ్రెంచి ఫిరంగి, మట్టికోట అనగానే మనకు బొబ్బిలి గుర్తొస్తుంది. 1757లో బుస్సీ ఫిరంగుల ముందు ఆ కోట ఒక్క రోజులో పడిపోయింది. 1818 ఏప్రిల్‌లో మొదలైన దిరియా ముట్టడి మాత్రం సెప్టెంబరు దాకా సాగింది. పచ్చి ఇటుకను గుండు తొలుస్తుందే గానీ రాయిలా ముక్కలు చెయ్యదు. అయితే గోడల బలం కంటే పెద్ద కారణం మరొకటి ఉందనిపిస్తుంది. దిరియావాళ్ళు ఒక్క కోటలో దూరి కూర్చోలేదు. వాగుకు రెండు వైపులా గుట్టల మీద, తోటల్లో కాపు కాశారు. ఒకచోట దెబ్బ తింటే ఇంకోచోట నిలబడ్డారు. జూన్‌లో పాషా మందుగుండు నిల్వ పేలిపోయింది కూడా. ఆ అదనులోనూ వాళ్ళు ముట్టడిని తెగ్గొట్టలేకపోయారు. పాషాకు కొత్త మందుగుండు, అదనపు బలగాలు వచ్చాయి. దిరియాకు బయటి సాయం రాలేదు. తురైఫ్ మీద గుండ్లు కురిశాక దిరియా పాలకుడు ఇమామ్ అబ్దుల్లా లొంగిపోయాడు. డిసెంబరులో ఇస్తాంబుల్‌లో అతని తల నరికారు.

1819లో ఊరిని నేలమట్టం చేయించారు. ఖర్జూర చెట్లనూ వదల్లేదు. పడిన గోడ ఒక్క ఏడాదిలో లేస్తుంది, తోట అలా కాదు కదా. పాషాను కలవడానికి భారతదేశం నుంచి బయలుదేరిన బ్రిటిష్ కెప్టెన్ శాడ్లియర్ ఆ ఏడాదే ఇటుగా వెళ్ళాడు. అప్పటికే అక్కడ మిగిలినవి శిథిలాలు.

ముట్టడి నుంచి తప్పించుకున్న సౌద్ వంశీయుడు తుర్కీ బిన్ అబ్దుల్లా 1824లో రియాద్ నుంచి ఈజిప్టు సేనను వెళ్ళగొట్టి, అక్కడే రాజధాని పెట్టుకున్నాడు. దిరియాకు ఆ హోదా మళ్ళీ దక్కలేదు. తురైఫ్ శిథిలాలను యునెస్కో 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.