పెద్దలకు తోడుగా మరమనిషి

ముసలితనమున మనిషికి పిడికెడు మెతుకులు కావలెను, వేళకు మందు కావలెను, పిలిచినపుడు పలుకుటకు ఒకరు కావలెను. మొదటి రెండింటిని ప్రభుత్వము కొంత, ధర్మబుద్ధి గలవారు కొంత సమకూర్చగలరు. మూడవది ఎల్లకాలము కుటుంబము పాలనే యుండెను. పిల్లలు దూరదేశము పోయినపుడు ఆ లోటు తీర్చు టెట్లు? నేటి శాస్త్రజ్ఞులు చూపుచున్న మార్గములలో మరమనిషి యొకటి. అయితే ఈ ప్రశ్న మన ఉత్తరాంధ్రమున చాల పాతది.

శ్రీకాకుళము జిల్లాలోని పాతపట్నము పర్లాకిమిడికి పొరుగూరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా పర్లాకిమిడి ఆవలకు పోయినది, పాతపట్నము ఈవల నిలిచినది. 1900లో నౌపడనుండి పర్లాకిమిడికి వేసిన చిన్నరైలు ఈ ఊరిమీదుగనే నడచెను. ఆ కాలమున ఈ తీరపు జిల్లాలనుండి వేలకొలది కూలీలు పొగయోడ లెక్కి రంగూనునకు, మనవారి మాటలో ‘రంగము’నకు, పోవుచుండిరి. ఇంట మిగిలిన తల్లిదండ్రులకు కొడుకునకు మారుగా వచ్చినవి ఉత్తరము, మనియార్డరు. చదువురాని తల్లికి ఆ ఉత్తరమును చదివి వినిపించినవాడు తరచుగా తపాలా జవానే. పైకము కొడుకుది, గొంతు మాత్రము వేరొకరిది. దూరమున నున్న మమత గడప దాటి లోనికి వచ్చుటకు ఆనాడే నడుమ ఒక మనిషి కావలసివచ్చెను.

తరువాత గొంతు కూడ యంత్రమునుండి వచ్చెను. 1938 జూన్ 16న మద్రాసు, 1948 డిసెంబరు 1న విజయవాడ, 1963 ఆగస్టు 4న విశాఖపట్నము ఆకాశవాణి కేంద్రములు ప్రారంభమైనవి. మంచము దిగలేని పెద్దలకు పాటయు, పురాణమును, వార్తలును ఇంటికే వచ్చినవి. రేడియో చేసిన మేలు తక్కువది కాదు. కాని అది పలుకును, వినదు. ముసలమ్మ నిట్టూర్చినందున నాటకము నడుమ ఆగదు.

వినగల యంత్రమును నిర్మించిన ప్రముఖులలో ఒక తెలుగువాడు కలడు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన రాజ్ రెడ్డి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందెను. మనిషి మాటను కంప్యూటరు గ్రహించునట్లు చేయుట ఆయన జీవితకృషి. 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున స్థాపింపబడిన రోబోటిక్సు సంస్థకు ఆయనయే తొలి డైరెక్టరు. 1994లో ట్యూరింగ్ పురస్కారము నందెను. ‘రోబో’ అను మాటను లోకమునకు తెలిపినది చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో వ్రాసిన నాటకము. దాని మూలార్థము వెట్టిచాకిరి. వెట్టివానిగా పుట్టిన ఆ పేరునకు తోడు అను అర్థము తెచ్చు ప్రయత్నములు ఆ విశ్వవిద్యాలయమున కూడ జరిగినవి.

1990 దశాబ్ది చివర మొదలుపెట్టి అక్కడివారు ఇతర విశ్వవిద్యాలయములతో కలిసి వృద్ధులకొరకు ‘ఫ్లో’, ‘పెర్ల్’ అను రెండు మరమనుషులను తయారుచేసిరి. మందువేళ గుర్తుచేయుట, వసారాలవెంట దారిచూపుట వాటి పనులు. పెర్ల్‌ను ఒక వృద్ధుల నివాసమున నడిపించి చూడగా తెలిసిన దేమనగా, పెద్దల నడకలు ఒకరిదానివలె ఒకరిది ఉండవు. యంత్రము తన వేగమును వారివారి నడకకు తగ్గించుకొనవలెను. సేవచేయువా రందరికిని ఇది మొదటి పాఠమే.

జపానులో తకనోరి షిబాత 1993 నుండి సాగించిన కృషి వేరు విధమైనది. ఆయన చేసిన ‘పారో’ సీలు అను సముద్రజంతువు పిల్లవలె నుండు బొమ్మ. నిమిరినచో కదలును, కూయును, మాటలాడదు. పిల్లినో కుక్కనో చేసినచో జనులు నిజమైనదానితో పోల్చి పెదవి విరుతురని, ఎక్కువమంది ఎరుగని జంతువును ఆయన ఎన్నుకొనెను. మతిమరపు వ్యాధి గల వృద్ధులకు ఊరట కలిగించుటకు దీనిని పలుదేశములలో వాడుచున్నారు. 2009లో అమెరికా ప్రభుత్వము దీనిని వైద్యపరికరముగా అనుమతించెను.

ఇట్టి యంత్రము పాతపట్నము వచ్చిన ఏ భాషలో పలుకవలెను? పుస్తకపు తెలుగు అక్కడి అవ్వకు పరాయిది. కొండ ఊళ్లలో సవరభాష వినవచ్చును. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి గిడుగు రామమూర్తి సవరలకు చదువు చెప్పదలచి ముందు వారి మాట నేర్చెను. దగ్గర కాదలచినవాడు ఎదుటివాని భాషలోనికి పోవలెనని ఆయన ఆచరించి చూపెను.

1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము నిరుపేద వృద్ధులకు నెలకు 75 రూపాయల పింఛను ప్రారంభించెను. మన రాష్ట్రమున 2024 జూలైనుండి వృద్ధుల పింఛను 4,000 రూపాయలైనది. సచివాలయ ఉద్యోగులు దానిని ఇంటికే తెచ్చుచున్నారు. వారి చేతిలోను ఒక యంత్రము కలదు. పొలముపనిలో అరిగిన వ్రేళ్లముద్రను అది ఒక్కొక్కసారి గుర్తింపదు. తెచ్చిన మనిషి మాత్రము గుర్తించి, “ఏటి మామ్మా, ఇలాగైపోనావు?” అని అడుగగలడు. నెలకొకమారు వినవచ్చు ఆ పలకరింపు కొన్ని ఇండ్లలో పైకముకంటె తక్కువ విలువ గలది కాదు.

కావున మరమనిషిని కాదనవలసిన పని లేదు. మందు గుర్తుచేయనిండు, పెద్దవారు పడిపోయినచో పొరుగువారికి తెలుపనిండు. అయితే యంత్రము ఉన్నది గదా యని కొడుకు పండుగకు రాకుండుటకు అది సాకైననాడు, కొన్న వెలకంటె ఎక్కువ పోగొట్టుకొన్నవార మగుదుము. యంత్రము మనిషిని ఇంటికి పిలుచుచున్నదా, రానక్కర లేదని చెప్పుచున్నదా? దాని మేలును కొలువవలసిన కొలత ఇదియే.